పీపా దాటాక

ఏడాది పొడుగునా ఆ నది మీద జరిగే పందేల్లో గెలిచినవాళ్ళ గురించి మాట్లాడుకుంటారు. ఒక్క మార్పిడి పందెం తర్వాత మాత్రం నీళ్ళలో పడ్డవాళ్ళ గురించే మాట్లాడుకుంటారు.

సీజను ముగిసే ఆదివారం మధ్యాహ్నం పెడతారు దాన్ని. క్లబ్బులోని పడవలన్నీ ఇద్దరు పట్టే డింగీలు. రెండు మంచాలు వరసగా వేసినంత పొడుగుంటాయి. వెనక కూర్చున్న మనిషి ఒక చేత్తో చుక్కాని కర్ర, ఇంకో చేత్తో పెద్ద తెరచాప తాడు పట్టుకుని ఎటు పోవాలో చెప్తాడు. ముందు కూర్చున్న మనిషి చిన్న తెరచాప చూసుకుంటూ, బరువు సరిపోవడానికి ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ జరుగుతూ, చెప్పింది వింటాడు. క్లబ్బు రేవు దగ్గర బయల్దేరి, ప్రవాహంతోపాటు దిగువకు పోయి, అక్కడ తేలుతుండే నారింజరంగు పీపాను చుట్టి, ప్రవాహానికి ఎదురుగా మళ్ళీ రేవుకు రావాలి. మార్పిడి పందెంలో పీపా దగ్గర ఇద్దరూ చోట్లు మారాలి. అక్కణ్ణుంచి ముగింపు హారన్ మోగేదాకా ముందువాళ్ళు వెనక, వెనకవాళ్ళు ముందు. కర్ర ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. గెలిచినవాళ్ళకు బహుమతంటూ ఏమీ లేదు. ఆఖర్న వచ్చినవాళ్ళు మాత్రం ఆ సాయంత్రం అందరి టీ కప్పులూ కడగాలి.

వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ ఏడాదంతా మాట విన్న మనిషి చేతికి కాసేపు కర్ర ఇచ్చి చూడండి, నోట్లో నానుతున్నవన్నీ బయటికొస్తాయి. పోయిన ఏడాది పశువుల డాక్టరూ ఆయన బావమరిదీ పీపా దగ్గర మొదలుపెట్టిన వాదన చలికాలం పోయేదాకా తెగలేదు.

కోడలికి ఇదే మొదటి మార్పిడి పందెం.

క్లబ్బులో ఆమెను అందరూ కోడలనే అంటారు. రిటైరైన బస్సు డ్రైవరుగారి కోడలు కాబట్టి. డ్రైవరుగారి పడవలో ముందు చోటు ఎన్నో ఏళ్ళుగా ఆయన భార్యది. ఈ వేసవి మొదట్లో ఆవిడ మోకాలు మొరాయించింది. కొడుకు పనికిరాడు, పడవ రేవుకు కట్టి ఉండగానే అతనికి కడుపులో తిప్పుతుంది. "నీళ్ళంటే నాకు గ్లాసులో ఉంటేనే ఇష్టం" అంటాడు. ఆ విధంగా ఆ చోటు కోడలికి దక్కింది. దక్కడమంటే, ఒక ఆదివారం పొద్దున మామగారు లైఫ్ జాకెట్టు తెచ్చి ఆమె కుర్చీకి తగిలించి వెళ్ళిపోయారు. అడగలేదు, చెప్పలేదు. అది అత్తగారి జాకెట్టు. నడుము దగ్గర పట్టీ ఆవిడ కొలతకే బిగించి ఉంది. కోడలు దాన్ని మొదటి నెలంతా అలాగే, వదులుగానే వేసుకుంది. పట్టీ బిగించుకుంటే ఏదో ఆక్రమించినట్టవుతుందేమోనని అనిపించేది.

ఆమె పళ్ళు చేస్తుంది. పళ్ళ డాక్టర్లు పంపిన అచ్చులు చూసి, మొహం కూడా తెలియని మనుషులకు పింగాణీ పళ్ళు చెక్కుతుంది. పగలంతా బల్లదీపం కింద, భూతద్దం వెనక కూర్చుని, ఒక్క పన్ను వంపు కోసం గంటలు పెడుతుంది. ఆ పనిలో మెప్పు ఎలా ఉంటుందంటే, ఎవరూ ఏమీ అనకపోవడమే మెప్పు. పెట్టుకున్న రెండోరోజుకు నాలుక దాన్ని మరిచిపోవాలి. మరిచిపోలేదంటే పన్ను తిరిగొస్తుంది. ఆమె అత్తవారింట్లో కూడా అలాగే అమరింది. ఎక్కడా గుచ్చుకోకుండా, ఎత్తు పల్లం తెలియకుండా. "కోడలు వచ్చినట్టే లేదు, ఎప్పట్నుంచో ఉన్నట్టే ఉంది" అని అత్తగారు చుట్టాలతో అంటే ఆమెకు సంతోషం వేసేది. ఆ సంతోషం అడుగున, చేతికి అందనంత లోతున, ఇంకేదో కదిలేది.

వేసవి మధ్యలో ఒకరోజు పనిబల్ల దగ్గర ఆమె తన ఎడమచెయ్యి గాలిలో దేన్నో పట్టుకుని ఉండటం చూసింది. వేళ్ళు వదులుగా ముడుచుకుని, మణికట్టు కొద్దిగా ఇటూ అటూ కదులుతోంది. కాసేపటికిగానీ అది చుక్కాని కర్ర అని అర్థం కాలేదు. ఎవరైనా చూశారేమోనని చెయ్యి చటుక్కున ఒళ్ళో పెట్టుకుంది. ఆశ అని పేరు పెట్టడానికి కూడా సిగ్గేసింది. కానీ పేరు పెట్టినా పెట్టకపోయినా అది అదే. ఒక్కసారి ఆ కర్ర తన చేతిలో, తన ఒక్కదాని చేతిలో ఉండాలి.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అత్తగారికి మాత్రం చెప్పకుండానే తెలిసిపోయింది.

"ఆశలు పెట్టుకోకు" అంది అత్తగారు ఆ మధ్యాహ్నం క్లబ్బు వంటగదిలో రొట్టెకు వెన్న రాస్తూ. మోకాలు ఇంకో కుర్చీమీద చాపి, కూర్చున్న చోటినుంచే వంటగది మొత్తం నడుపుతోంది. "మీ మామయ్య వదలరు."

"పందెం నియమం కదా అత్తయ్యా, మారాలిగా?"

"మారతారు. ఎందుకు మారరు? నన్ను వెనక కూర్చోబెట్టి, ఆయన ముందుకు జరిగినట్టే జరిగి, చెయ్యి మాత్రం వెనక్కి చాచి కర్రమీదే ఉంచేవారు. నా చెయ్యి కర్రమీద, ఆయన చెయ్యి నా చేతిమీద. గట్టుమీంచి చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. 'ఈ వయసులో కూడా చేతులు పట్టుకుని ఏమిటమ్మా' అని ఏడిపించేవాళ్ళు."

"మీరేమీ అనలేదా?"

"మొదట్లో అన్నాను. తర్వాత ఆ కాసేపూ ఏ బట్టలు ఉతకాలో, సాయంత్రానికి ఏం వండాలో ఆలోచించుకునేదాన్ని. హాయిగా ఉండేది." కత్తి పక్కన పెట్టి కోడలివైపు చూసింది. "బస్సు నడిపిన చేతులమ్మా అవి. అబ్బాయి కారులో పక్కన కూర్చుంటారు చూడు, కాలికింద లేని బ్రేకు తొక్కుతూనే ఉంటారు. కోపగించుకోకు, చెడ్డతనం కాదు. వదిలేస్తే ఏదో అయిపోతుందని భయం. ఆ రొట్టెల పళ్ళెం ఇటివ్వు."

కోడలు పళ్ళెం అందించింది. కోపం రాలేదు. తను కోరుకున్నది ఇంకా మొదలవకముందే ఎవరో దాన్ని పొందిగ్గా మడతపెట్టి ఇచ్చినట్టు అనిపించింది, అంతే.

గాలి ఆరోజు దిగువనుంచి ఎగువకు వీస్తోంది. రేవు చివర నిలబడి హారన్ తాత పడవలన్నిటినీ గీత వెనక్కి తోలుతున్నాడు. పందేలన్నిటికీ హారన్ ఊదేది ఆయనే కాబట్టి ఆ పేరు.

"డ్రైవరుగారూ, 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అనడానికి ఇది బస్సు కాదు, గీత వెనక్కి రండి, మీ ఒక్కరికోసమే ఆగాను" అన్నాడు హారన్ తాత.

పక్క పడవలోంచి పశువుల డాక్టరు అందుకున్నాడు. "ఆయన చిల్లర ఇస్తేగానీ కదలరు."

"ముందు మీ వాణ్ణి చూసుకో డాక్టరూ, లైఫ్ జాకెట్టు తిరగేసి వేసుకున్నాడు" అన్నారు మామగారు నవ్వకుండా.

బావమరిది కిందికి చూసుకున్నాడు. నిజంగానే తిరగేసి ఉంది. "పోనీ బావా, నీళ్ళలో పడ్డాక సరిచేసుకుంటాలే."

హారన్ మోగింది.

దిగువకు పోవడం ఎప్పటిలాగే ఉంది. ఎదురుగాలిలో పడవ ఏటవాలుగా ఒక గట్టు దాకా పోయి, తిరిగి, రెండో గట్టు దాకా పోయి, మళ్ళీ తిరుగుతోంది. మామగారి మాటలు ఎప్పటిలాగే ఒక్కొక్కటీ వెనకనుంచి వస్తున్నాయి. "లాగు." "వదులు." "ఇటు." ఆమెకు ఆ మాటలంటే కష్టంగా ఉండేది కాదు. నిజానికి మాట రాకముందే ఆమె చెయ్యి కదిలేది. కష్టమల్లా మెడమీద. వెనక కూర్చున్న మనిషి చూపు మెడమీద ఆనుతుంటే అక్కడ చర్మం వేరే ఎవరిదో అయినట్టు ఉండేది. వేసవంతా ఆమె మామగారి మొహం పడవలో చూడనేలేదు. ఆయన ఆమె మెడ తప్ప ఏమీ చూడలేదు. ఇద్దరు మనుషులు ఇంత దగ్గరగా, ఇన్నిసార్లు, ఒకరికొకరు కనబడకుండా ఉండగలరని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

పీపా వచ్చింది. దాని చుట్టూ అప్పటికే నాలుగైదు పడవలు గుమిగూడి ఉన్నాయి. మనుషులు నాలుగు కాళ్ళమీద పాకుతున్నారు. ఎవరి మోచెయ్యో ఎవరి కడుపులోనో దిగబడింది. పశువుల డాక్టరు పడవలోంచి "కాలు తియ్యరా, అది నా కాలు!" అని ఒక గొంతు, "నీ కాలేంటి బావా ఇక్కడ, ఇది నా చోటు" అని ఇంకో గొంతూ వినిపించాయి.

మామగారు పీపాను చేతికి తగిలేంత దగ్గరగా చుట్టించారు. పడవ ఎగువకు తిరిగింది.

"రా" అన్నారు.

ఆమె వంగి వెనక్కి జరిగింది, ఆయన వంగి ముందుకు జరిగారు. పడవ మధ్యలో, రైలుపెట్టె ఇరుకుదారిలో ఎదురైన ఇద్దరు ప్రయాణికుల్లా, ఒకరినొకరు తగలకుండా పక్కకు తిరిగారు. ఆమె వెనక కూర్చుంది. కర్రమీద చెయ్యి వేసింది. కర్ర వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం ఆయన వదిలిపెట్టి వెళ్ళింది కాదు. ఆయన చెయ్యి ఇంకా అక్కడే ఉంది.

అత్తగారు చెప్పింది అక్షరాలా నిజం. ముందుకు తిరిగి కూర్చున్నట్టే కూర్చుని, చెయ్యి వెనక్కి చాచి, కర్ర చివర పట్టుకునే ఉన్నారు. పెద్ద చెయ్యి, వేళ్ళ కణుపులు నున్నగా అరిగినట్టున్నాయి. కావాలని పెట్టినట్టు కూడా లేదు. మరిచిపోయినట్టుంది, నిద్రలో దుప్పటి పట్టుకున్నట్టుంది. కోడలు ఆ చేతిని చూస్తూ, ఇప్పుడు తను కూడా సాయంత్రం వంట గురించి ఆలోచించడం మొదలుపెట్టాలి కాబోలు అనుకుంది.

అప్పుడు ముందు తెరచాప తపతప కొట్టుకుంది.

వేసవంతా ఆ చప్పుడుకు లేచి చెయ్యి చాచిన మనిషి ఆమె. ఇప్పుడు ఆమె వెనక ఉంది. ముందు తాడు పట్టేవాళ్ళు లేరు. ఏమీ ఆలోచించకుండానే మాట వచ్చేసింది. "మామయ్యగారూ, ముందు తాడు జారిపోయింది, ఎవరూ చూడట్లేదు!"

"ఆఁ" అని ఆయన ఉలిక్కిపడి, రెండు చేతులా ముందుకు వంగి తాడందుకున్నారు. డ్యూటీలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిచినట్టయింది. తాడు బిగించి, తెరచాప సర్ది, చూసుకునేసరికి ఆయన చోటు కర్రకు అందనంత ముందుకు వచ్చేసింది. ఒకసారి వెనక్కి తిరిగి చూశారు. కర్రను చూశారు, ఆమె చేతిని చూశారు. మళ్ళీ ముందుకు తిరిగారు.

కర్ర ఆమె ఒక్కదాని చేతిలో ఉంది.

ఎలా ఉంటుందని ఊహించుకుందో అలా లేదు. బరువుగా ఉంటుందనుకుంది, తేలిగ్గా ఉంది. లొంగదీసుకోవాల్సిన వస్తువనుకుంది, అది మాట్లాడుతున్న వస్తువు. వేళ్ళకు సన్నగా ఏదో చెప్తోంది, భాష కొత్తదైనా గొంతు పరిచయమైనదే అన్నట్టు. కానీ వినడానికి కుదరనివ్వడం లేదు. మామగారు వెనక్కి తిరుగుతూనే ఉన్నారు. ఒకసారి తెరచాపను చూసే మిషతో, ఒకసారి జాకెట్టు సర్దుకునే మిషతో. కుడికాలు పడవ అడుగుచెక్కను నొక్కుతోంది, వదులుతోంది, నొక్కుతోంది. చెయ్యి వదిలిందిగానీ మనిషి వదల్లేదు. ఆమెకు మెడమీద ఉండే బరువు ఇప్పుడు మొహంమీదికి వచ్చింది, అంతే తేడా.

నది సగం ఎక్కేసరికి గాలి పడిపోయింది.

పడిపోవడమంటే పూర్తిగా కాదు. తెరచాప కొద్దిగా ఉబ్బే ఉంది. పడవ పక్కలను రాసుకుంటూ నీళ్ళు గలగలమని పోతున్నాయి. పడవ ముక్కు కింద చిన్న నురుగు కూడా ఉంది. చుట్టూ ఉన్న పడవల్లో ఎవరూ ఏమీ గమనించలేదు. కోడలు మాత్రం గట్టువైపు చూసింది. నీళ్ళ ఒడ్డున ఒక గిడ్డంగికి ఎర్రతలుపు ఉంది. ఇందాక తన భుజానికి సూటిగా ఉన్న తలుపు, ఇప్పుడు పడవ ముక్కుకు సూటిగా ఉంది. తప్పు చూశానేమోనని కళ్ళు నులుముకుంది. పగలంతా వెంట్రుకవాసి తేడాలు పట్టే కళ్ళు. తలుపు ఇంకా ముందుకు జరిగింది.

"మామయ్యగారూ, మనం వెనక్కి పోతున్నాం."

"పోతున్నాంగా ముందుకే. నీళ్ళు చూడు."

"నీళ్ళే పోతున్నాయి. మనం కాదు. ఆ ఎర్రతలుపు చూడండి."

ఆయన తలుపు చూశారు, నీళ్ళు చూశారు, మళ్ళీ తలుపు చూశారు. ఆయన మొహంలో ఏదో పాత సంగతి కదిలింది. "డిపోలో అయ్యేది" అన్నారు మెల్లగా. "బస్సు ఆపి కూర్చునేవాణ్ణి. పక్క బస్సు వెనక్కి కదిలేది. మనదే ముందుకు పోతోందనుకుని బ్రేకు మీద లేచి నిలబడేవాణ్ణి. కండక్టరు నవ్వేవాడు."

"లంగరు వేద్దాం."

సలహా చెప్పినట్టు అనలేదు. అడిగినట్టూ అనలేదు.

"పందెంలో లంగరా?" అన్నారు ఆయన. "ఆగిపోతాం కదా."

"ఆగిపోతాం. వాళ్ళు వెనక్కి పోతారు."

మార్పిడి పందెంలో కర్ర ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. ఆ నియమం మామగారికి ఎన్నో ఏళ్ళుగా తెలుసు. తెలియడం వేరు, ఇప్పుడు అది ఆయన మోకాళ్ళమీద కూర్చుని ఉండటం వేరు. వంగి, చెక్క కిందినుంచి చిన్న లంగరు తీశారు. తాడు చివర తెరచాప స్తంభం మొదట్లో ముడివేసి, చప్పుడు కాకుండా ఎడమపక్కనుంచి నీళ్ళలోకి జారవిడిచారు. తాడు బిగిసింది. ఎర్రతలుపు జరగడం మానేసింది.

తర్వాత జరిగింది చూడటానికి భలేగా ఉంది. ఒక్కొక్క పడవే, తెరచాపలు సొగసుగా ఉబ్బించుకుని, మనుషులు దీక్షగా ముందుకు చూస్తూ, వాళ్ళ పక్కనుంచి వెనక్కి జారుకుంటూ పోయింది. పశువుల డాక్టరు పడవ అన్నిటికంటే ఠీవిగా వెనక్కి పోయింది. కర్ర పట్టుకున్న బావమరిది ఎదురుగా చూస్తూ "చూశావా బావా, ఎంత వేగంగా లాక్కెళ్తున్నానో!" అంటున్నాడు.

మామగారు చేత్తో నోరు మూసుకున్నారు. భుజాలు కదిలాయి.

ఆ తర్వాత చాలాసేపు చేయడానికి ఏమీ లేకపోయింది. గాలి కోసం ఎదురుచూడటమే. మామగారు మోచేతులు మోకాళ్ళమీద ఆనించి ముందుకు చూస్తూ కూర్చున్నారు. ఆమె మొట్టమొదటిసారి ఆయన మెడను చూసింది. క్షౌరం కొత్తగా అయింది. చెవి వెనక ఒక చిన్న పుట్టుమచ్చ, కాలర్ దగ్గర రెండు మడతలు. మనిషి వెనకనుంచి ఎంత రక్షణ లేకుండా ఉంటాడు! ఇన్నాళ్ళూ తన మెడమీద ఆనిన చూపు బహుశా తప్పులు పట్టే చూపు కాదేమో. ఇలాంటిదేనేమో. ఊరికే, ఎదురుగా ఉంది కాబట్టి చూసిన చూపు.

"ఇక్కణ్ణుంచి నది మొత్తం కనబడుతుందే" అన్నారు ఆయన, తిరక్కుండానే. "వెనక కూర్చుంటే సగం తెరచాపే అడ్డం."

"అవును మామయ్యగారూ. వేసవంతా నేను చూశాను."

"మీ అత్తయ్య ఇన్నేళ్ళూ ఇదంతా చూసేదన్నమాట. ఒక్కసారీ చెప్పలేదు."

"చెప్పే ఉంటారు."

"చెప్పే ఉంటుంది. నేను 'లాగు, వదులు' అంటూ ఉండి ఉంటాను." ఒక నీటిపిట్ట పడవ ముందునుంచి, వీళ్ళను లెక్క చేయకుండా ఈదుకుంటూ పోయింది. ఆయన తల దానితోపాటు మెల్లగా తిరిగింది.

గాలి తిరిగి వచ్చింది. వచ్చేముందు నీళ్ళమీద నల్లగా ఒక ముడత పాకుతూ రావడం ఆమెకు కనిపించింది. తెరచాప టప్పున నిండి ఎడమపక్కకు పరుచుకుంది. పడవ ముందుకు దూకింది. కర్ర ప్రాణం వచ్చినట్టు చేతిలో బిగిసింది. పక్కలను నీళ్ళు ఉరుకుతూ పోతున్నాయి. పడవ కొంచెం ఎడమకు లాగుతోంది; ఆమె కర్రను గట్టిగా ఆనించి తిన్నగా నిలబెట్టింది. గాలిలో కర్ర పట్టడమంటే ఇదే కాబోలు, ఇంత బలం కావాలి కాబోలు అనుకుంది. ఇంతకుముందు ఎప్పుడూ పట్టలేదు కదా, పోల్చి చూసుకోవడానికి ఏముంది? చెయ్యి నొప్పి పుడుతుంటే గర్వంగా ఉంది. నురుగు, చప్పుడు, తాడు లాగుడు. తను నడుపుతోంది. మామగారు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

అది గమనించాక ఆమెకు ఇంక వేరే ఏమీ కనిపించలేదు. ఆ మెడ తిరగడం లేదు. కాలు కదలడం లేదు. ఆయన రెండు చేతులూ అటూ ఇటూ చెక్కమీద చాపి, గాలి మొహానికి తగిలేలా గడ్డం ఎత్తి కూర్చున్నారు. సన్నగా ఏదో రాగం తీస్తున్నారు కూడా. ఆమె ఆ మెడనే చూస్తూ కర్ర పట్టుకుంది. ఇంతకంటే నిండుగా ఉన్న క్షణం తన జీవితంలో ఇంకోటి ఉందేమోనని వెతుక్కుంది. దొరకలేదు.

పశువుల డాక్టరు పడవ వెనకనుంచి వచ్చి, పక్కనుంచి, ముందుకు పోయింది. "ఏమండీ, ఏమైనా పారేసుకున్నారా ఇక్కడ?" అని అరిచాడు బావమరిది.

"వాళ్ళకు గాలి బాగా దొరికింది" అన్నారు మామగారు ప్రశాంతంగా.

"మన దగ్గరికీ వస్తుంది" అంది ఆమె.

ఇంకో పడవ పోయింది. ఇంకోటి. క్లబ్బు రేవు దూరంగా కనిపిస్తోంది. దానిమీద అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులూ గాలిలో పైకీ కిందికీ ఆడిస్తోంది, బావిలోంచి నీళ్ళు తోడుతున్నట్టు.

"మీ అత్తయ్యకు ఉత్సాహం వచ్చినట్టుంది" అన్నారు మామగారు. చెయ్యి ఊపారు.

కోడలు కూడా చెయ్యి ఊపింది. అత్తగారు రెండు చేతులూ తలమీద పెట్టుకుంది.

అప్పుడు కోడలు, ఎందుకో, గట్టువైపు చూసింది. ఎర్రతలుపు. ఇందాక ఎక్కడుందో అక్కడే, కదలకుండా, నిక్షేపంగా ఉంది.

"మామయ్యగారూ."

"ఊఁ."

"లంగరు తీశారా?"

రాగం ఆగిపోయింది. మామగారు వంగి, ఉబ్బిన తెరచాప అంచు పైకెత్తి, దాని కిందికి చూశారు. తాడు ఎడమపక్కనుంచి వెనక్కి, నీళ్ళలోకి, వీణ తీగలా బిగిసి ఉంది.

ఆయన వెనక్కి తిరిగారు. ఆ మొహం ఆమె ఇంతవరకూ చూడని మొహం. తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడి మొహం కూడా కాదు, అంతకంటే అమాయకంగా ఉంది. "అది... నా పనే కదూ?" అన్నారు. "ముందున్నవాళ్ళ పని."

"ముందున్నవాళ్ళదే."

"నేను... పిట్టను చూస్తున్నాను" అన్నారు. "తర్వాత ఊరికే కూర్చున్నాను. నువ్వున్నావు కదా అని."

ఆమెకు నవ్వొచ్చింది. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. ఆయన కూడా మొదలుపెట్టారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి, బ్రేకు వేసి ఉన్న బండిలో ఇంతసేపు ఠీవిగా కూర్చున్నాడు. పడవ ఊగింది. ఇద్దరూ అంచులు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఒకరి మొహం ఒకరు చూసి మళ్ళీ నవ్వారు. నవ్వుతూనే ఆమె ఆ మాటను లోపల పట్టుకుంది. నువ్వున్నావు కదా అని. వదిలినట్టు నటించిన మనిషి అయితే లంగరు మరిచిపోడు. అన్నీ చూసుకుంటూనే ఉంటాడు. ఈయన నిజంగానే వదిలేశారు. ఎంతగా వదిలేశారంటే, తన సొంత పని కూడా వదిలేశారు. పందెం పోయింది, ఇంతకంటే గట్టి రుజువు గెలిచినా దొరికేది కాదు.

మామగారు లంగరు లాగారు. బురదతో పైకొచ్చింది. వదిలించుకున్న పడవ విసురుగా ముందుకు పోతే ఇద్దరూ వెనక్కి తూలారు. కర్ర ఒక్కసారిగా తేలికైపోయింది. వేళ్ళు చాలు.

"ఇదా అసలు బరువు!" అంది ఆమె.

"ఏ వైపు కూర్చోమంటావు?" అన్నారు మామగారు.

ఆమె తెరచాపను చూసింది, నీళ్ళమీద నల్లటి ముడతలను చూసింది. "కుడివైపు. కొంచెం ముందుకు."

"ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని తనకు తనే చెప్పుకుంటూ ఆయన జరిగారు.

ఆఖర్న వచ్చారు. మిగతా పడవలన్నీ అప్పటికే కట్టేసి ఉన్నాయి, రేవుమీద మనుషులంతా బారులు తీరి ఉన్నారు. హారన్ తాత హారన్‌ను ఎప్పటికంటే పొడుగ్గా ఊదాడు. పశువుల డాక్టరు "కప్పులు అక్కడ పేర్చి పెట్టామండీ, నా కప్పులో పంచదార అడుగున అంటుకుంది, కాస్త గట్టిగా రుద్దాలి" అని అరిచాడు. అత్తగారి గొంతు అందరికంటే పైన వినిపించింది. "లంగరు లాగండి మొర్రో అని చేతులు పడిపోయేలా ఊపితే, తిరిగి చేతులు ఊపుతారేమిటి ఇద్దరికిద్దరూ!"

హారన్ మోగింది కాబట్టి మార్పిడి అయిపోయింది. ఇక్కణ్ణుంచి రేవు చెక్కకు పడవను తాకకుండా చేర్చడం అన్నిటికంటే సున్నితమైన పని, ఆ పని ఎప్పుడూ మామగారిదే. కోడలు అలవాటు చొప్పున నడుం వంచి లేవబోయింది. కర్రను ఆయనవైపు తిప్పింది.

మామగారు పడవ అంచుమీంచి వంగి, నదిలో చేతుల బురద కడుక్కుంటున్నారు. తల ఎత్తలేదు.

"కూర్చో, పడవ ఊగుతుంది" అన్నారు. వేళ్ళ సందులు ఒక్కొక్కటే రుద్దుకుంటున్నారు. "తెరచాప కాస్త వదులు చెయ్యి. గట్టు ఎక్కడికీ పోదు, మెల్లగా రానీ."

ఆమె కూర్చుంది. తెరచాప తాడు వదులు చేసింది. పడవ తన వేగాన్ని తనే మెల్లమెల్లగా మింగుకుంటూ రేవువైపు జారింది. చివర్లో ఆమె కర్రను కొంచెం ఎక్కువ తిప్పింది. పడవ ముక్కు చెక్కకు ఠక్కున తగిలింది. గట్టుమీద ఎవరో "అబ్బా" అన్నారు. మామగారు తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని, పడవ కట్టే తాడు అత్తగారి చేతికి విసిరారు.